ఎదురింటికి వచ్చిన పోస్టుకార్డు

నాకు కాలు ఒకచోట నిలవదు. చిన్నప్పుడు నాకు జడ వేయడానికి అరగంట పట్టేదని, అందులో ఇరవై ఐదు నిమిషాలు నన్ను పట్టుకుని కూర్చోబెట్టడానికేనని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అలాంటిదాన్ని రోజుకు ఎనిమిది గంటలు కుర్చీలో కూర్చునే ఉద్యోగంలో చేరాను. రెండువేల సంవత్సరం ఇంకా ఏడాది దూరంలో ఉంది. అది రాగానే ప్రపంచంలో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ఒకపక్క భయపెడుతూనే, కంప్యూటర్ రానివాళ్ళకు ఇక బతుకు లేదని ఇంకోపక్క చెబుతున్న రోజులవి. తెనాలి నుంచి వచ్చి బోరబండలో మా అక్కాబావల ఇంట్లో దిగాను. మాదాపూర్‌లో ఒక చిన్న డేటా ఎంట్రీ కంపెనీలో పని దొరికింది.

ఆఫీసుకు షేర్ ఆటోలో వెళ్ళేదాన్ని. దారిపొడుగునా బండలు పేల్చేవాళ్ళు. ఎర్రగుడ్డ పట్టుకున్న మనిషి ఆటోను ఆపితే, పేలుడు వినబడేదాకా అందరూ కబుర్లు చెప్పుకుంటూ కూర్చునేవారు. నేను దిగి అటూ ఇటూ పచార్లు చేసేదాన్ని. ఆ బండ నా కోసం తొందరగా పగలదని డ్రైవరు నవ్వేవాడు. కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల మేడ మా ఆఫీసు కిటికీలోంచి కనిపించేది. మేము మాత్రం ఇనుప సామాన్ల కొట్టు పైన రెండో అంతస్తులో ఉండేవాళ్ళం. చుట్టాలకు ఉత్తరం రాసేటప్పుడు నా ఆఫీసు ఆ మేడ పక్కనే అని రాసేదాన్ని. అబద్ధమైతే కాదు.

కంప్యూటర్ల గదిలోకి చెప్పులు విడిచి వెళ్ళాలి, దుమ్ము పడితే మిషన్లు పాడవుతాయని. శుక్రవారం పొద్దున ప్రతి మానిటరుకూ కుంకుమ బొట్టు పెట్టి అగరొత్తి తిప్పేవాళ్ళం. ఆ పొగ మాత్రం దుమ్ము లెక్కలోకి రాదు. సాయంత్రం గుమ్మం దగ్గర వాచ్‌మన్ మా బ్యాగులు వెతికేవాడు. మౌసు అడుగున ఉండే రబ్బరు బంతిని ఎవరైనా ఎత్తుకుపోతారని ఆయన భయం. నిజంగానే రెండు మూడు పోయాయి కూడా. టిఫిన్ డబ్బా కూడా మూత తీసి చూసేవాడు. ఫైళ్ళు ఎక్కించుకునే ఫ్లాపీ డిస్కు చేతిలో పట్టుకుని ఎదురుగా వెళ్ళినా పట్టించుకునేవాడు కాదు.

మాకు వచ్చిన పెద్ద పని నగర ఆరోగ్య కార్యాలయంది. దవాఖానాల్లో క్షయకు మందులు తీసుకుంటున్నవాళ్ళ రిజిస్టర్లు కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ఒక్కొక్క పేజీని ఇద్దరు వేర్వేరుగా టైపు కొట్టేవారు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి తేడాలు పట్టుకోవడం నా పని. సరిచూసిన ప్రతి చిరునామా చివర నేను ఒక స్టార్ గుర్తు పెట్టేదాన్ని, ఎక్కడిదాకా చూశానో తెలియడానికి. పని మొత్తం అయ్యాక ఆ స్టార్లన్నీ ఒకేసారి తీసేసి అప్పగించాలి. ఇది నేను సొంతంగా కనిపెట్టిన పద్ధతి. దాని మీద నాకు కొంచెం గర్వం ఉండేది.

ఒకరోజు ఆ వరసలో మా గల్లీ వచ్చింది. మా ఎదురింటి నంబరు, ఆ ఇంటి వెనకగదిలో కిరాయికుండే టైలరమ్మ పేరు.

ఆమె పాలమూరు వైపు మనిషి. నలభై దాటి ఉంటాయి. భర్త పోయాక ఒక్కతే ఒక కుట్టుమిషనుతో ఈ ఊరు వచ్చింది. మా గల్లీలో ఆడవాళ్ళందరి జాకెట్లూ ఆమే కుట్టేది. కొలతలు రాసుకునే ఆమె నోటుబుక్కులో ఒక్క పేరు కూడా ఉండదు. పేజీకి ఒక మనిషి, పేజీ మూలన ఆ మనిషి మొదట కుట్టించుకున్న జాకెట్టు ముక్క ఒకటి గుండుసూదితో గుచ్చి ఉంటుంది. పేర్లు రాసుకుంటే వెతుక్కోవడం తేలిక కదా అని ఒకసారి ఉచిత సలహా పారేశాను. ఆడవాళ్ళ కొలతలు, రేపు ఎవరైనా తెరిచి చూస్తే బాగుండదని ఆమె అంది. బట్ట చూస్తే తనకు మనిషి యాదికొస్తుందట. కంప్యూటరైతే సెకనులో వెతికిపెడుతుందని నేను గొప్పలు పోయాను. ఆమె గుండుసూదులు నోట్లో ఉండగానే నవ్వి, నా భుజం కొలత రాసుకుంది.

తెర మీద ఆమె పేరు చూసిన రోజు నేను ఎవరికీ చెప్పలేదు. మా అక్కకు కూడా చెప్పలేదు. సాయంత్రం ఆమె గుమ్మం ముందు నుంచి వెళుతూ ఎప్పటిలాగే పలకరించాను. రహస్యం కాపాడడమంటే నోరు మూసుకోవడమేనని అనుకున్నాను. నా మీద నాకే చాలా గౌరవం కలిగింది.

పొద్దున ఆఫీసుకు వెళ్ళేముందు బోరబండలోనే ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో గంటసేపు పాఠం చెప్పేదాన్ని. అందులో అందరూ ఎదురుచూసే పాఠం మెయిల్ మర్జ్. ఒక ఉత్తరం రాసి, దానికి వంద చిరునామాలు తగిలిస్తే వందమందికీ వాళ్ళ వాళ్ళ పేర్లతో వంద ఉత్తరాలు తయారవుతాయి. అది చూస్తే అప్పట్లో పెద్దవాళ్ళు కూడా నోరు తెరిచేవారు. కానీ ముందు వంద చిరునామాలు కావాలి. విద్యార్థులను తలా ఇరవై కొట్టమంటే సినిమా తారలవి నాలుగు, క్రికెటర్లవి నాలుగు కొట్టి ఆపేసేవారు. మూడు రోజులు చూశాను. నాలుగో రోజుకు నా ఓపిక అయిపోయింది. సాయంత్రం ఆఫీసులో మా వార్డు ఫైలును ఒక ఫ్లాపీలోకి ఎక్కించుకున్నాను.

అనాలోచితంగా చేశానని చెప్పి తప్పించుకోలేను. ఆలోచించే చేశాను. జబ్బు వివరాల వరస, మందుల తేదీల వరస చెరిపేసి, పేర్లూ చిరునామాలూ మాత్రం ఉంచాను. వట్టి చిరునామాలతో ఎవరికేం నష్టం అనుకున్నాను. ఫైలు పేరు మార్చాలని మాత్రం తోచలేదు. ఆ ఫైలు పేరే టీబీ, దాని పక్కన వార్డు నంబరు. గుమ్మం దగ్గర వాచ్‌మన్ నా టిఫిన్ డబ్బా మూత తీసి చూసి, సరే పొమ్మన్నాడు. మర్నాడు దాంతోనే మెయిల్ మర్జ్ పాఠం చెప్పి, నకలు చేసుకుని సాధన చేయమని ఆ ఫ్లాపీ విద్యార్థుల చేతికిచ్చాను.

ఆ బ్యాచిలో బాలానగర్ నుంచి వచ్చే ఒకతను ఉండేవాడు. ఒంటికి బలమిచ్చే టానిక్ ఏదో తయారుచేసే చిన్న కంపెనీలో అమ్మకాల పని. అందరికన్నా శ్రద్ధగా నేర్చుకున్నది అతనే. రెండు వారాల తర్వాత స్వీట్ల పెట్టె పట్టుకొచ్చాడు. మెయిల్ మర్జ్ చేసి చూపిస్తే వాళ్ళ మేనేజరు భుజం తట్టాడట. నేను మైసూర్‌పాక్ రెండు ముక్కలు అక్కడే తిని, మిగిలింది అక్కకు తీసుకెళ్ళాను. నేర్పిన విద్య ఒకరికి పనికొచ్చిందని సంబరపడ్డాను.

ఆ వారంలోనే టైలరమ్మ మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో పోస్టుకార్డు ఉంది. క్షయతో బాధపడుతున్న మీకు మా టానిక్ కొండంత అండ అని, వచ్చే నెల మా ప్రతినిధి స్వయంగా మీ ఇంటికే వస్తాడని తెలుగులో అచ్చు వేయించారు.

"గిది ఎవడు పంపిండో జర చూడమ్మా. నువ్వు కంప్యూటర్ల పనిచేస్తవు గద. దవాఖానల సిస్టరమ్మకు తప్ప నా సంగతి ఎవ్వరికీ తెల్వదు."

కార్డు తిప్పి చూశాను. చిరునామా ఇంగ్లీషులో కొట్టిన చీటీ అంటించి ఉంది. ఆ చిరునామా చివర నా స్టార్ ఉంది.  కనుక్కుంటానండీ అని మాత్రం అన్నాను. అప్పుడే అక్కడే నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పనందుకు ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

కార్డును పోస్టుమన్ గది కిరాయికిచ్చిన ఎదురింటావిడ చేతిలో పెట్టి వెళ్ళాడట. ఆమె చదివి, నెలాఖరుకు గది ఖాళీ చేయమంది. ఇంట్లో పసిపిల్లలున్నారు, ఆమె భయం ఆమెది. మందులు మొదలుపెట్టి నెలలు దాటాయని, ఇక ఒకరికి అంటుకోదని డాక్టరు చెప్పాడని టైలరమ్మ కాళ్ళావేళ్ళా పడితే చివరికి ఒక మాట మీదకు వచ్చిందట. తన వరకైతే సరే. గల్లీలో ఇంకొకరికి తెలిస్తే మాత్రం ఉంచుకోలేనంది, నలుగురి నోళ్ళకు తాను జవాబు చెప్పలేనంది. అంటే ఇంకో కార్డు రాకూడదు. ఆ ప్రతినిధి వచ్చి తలుపు కొట్టకూడదు. ఆ గది పోతే మిషను పెట్టుకునే చోటు పోతుంది, చేతిలో పని పోతుంది. ఈ జబ్బుందని తెలిశాక ఇంకో గది ఎవరిస్తారు?

 మర్నాడు ఆఫీసు ఎగ్గొట్టి, ఆ స్వీట్ల మనిషిని వెంటబెట్టుకుని బాలానగర్ వెళ్ళాను. దారంతా తను చేసిన తప్పేమిటో అతనికి అర్థం కాలేదు. నేర్పింది మేడమ్, ఫ్లాపీ ఇచ్చింది మేడమ్, ఫైలు పేరు చూసి పనికొస్తుందనుకున్నది మాత్రం తను. ఏమని తిడతాను? లేతు మిషన్ల చప్పుడు మధ్యలో ఒక షెడ్డు, షెడ్డు మూలన వాళ్ళ మేనేజరు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. నేను నిలబడే మాట్లాడాను. రోగం ఉన్నవాళ్ళకే మందు సంగతి చెబుతున్నామని, లేనివాళ్ళకు చెప్పడం లేదు కదా అని ఆయన వాదన. ఇప్పటికే ఆ పట్టీ రెండు మూడు ఫ్లాపీల్లోకి పాకింది. వచ్చే నెల వెళ్ళాల్సిన మనుషులు కూడా కుదిరారు.

"గవర్నమెంటు కాయిదం ఒకటి తెండి మేడమ్, ఆపుతం. మీ నోటిమాట మీద ఎట్ల ఆపాలె?"

కాగితం ఎవరిస్తారో నాకు తెలియదు. ముందు మా యజమానికి చెప్పాను. ఆయన కడపవైపు మనిషి. గొంతు పెంచడు. నేను చెప్పిందంతా విని, తలుపు మూసి వచ్చి కూర్చున్నాడు.

"చెప్పినావు, విన్నా. ఇంతటితో మర్చిపో తల్లీ. ఇది బయటికి పోతే ఈడ ఇరవై మంది పని పోతాది."

ఆ ఇరవై మందీ అద్దం అవతల తలలు వంచుకుని టైపు కొడుతున్నారు. వాళ్ళను చూస్తుంటే ఆయన మాట కొట్టిపారేయలేకపోయాను. మధ్యాహ్నం దాకా కుర్చీలో కాలు కాలిన పిల్లిలా మెసిలాను. తెర మీద ప్రతి స్టారూ నన్నే చూస్తున్నట్టు అనిపించింది. ఇక ఉండబట్టలేక టీ వేళకు లేచి, చెప్పులేసుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాను.

పెద్దవయసు హెడ్ కానిస్టేబుల్ కాగితం తీసి, పెన్ను పట్టుకుని, పోయిన సామాను ఏమిటని అడిగాడు. సామాను కాదండీ, పేర్లు అన్నాను. పేర్లు ఎట్లా పోతాయని అడిగాడు. పోలేదండీ, మా దగ్గరే ఉన్నాయి, వేరేవాళ్ళ దగ్గర కూడా ఉన్నాయన్నాను. ఫ్లాపీ దొంగతనమైందేమోనని ఆయనే ఒక దారి చూపించాడు. అది నా బ్యాగులోనే ఉంది, తీసి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, జాగ్రత్తగా నాకే తిరిగి ఇచ్చాడు.

"నీది నీ దగ్గరనే ఉన్నది. గా రిజిస్టర్లు వాళ్ళ దగ్గరనే ఉన్నయి. ఇగ నేను ఏం పోయిందని రాయాలె బిడ్డా?"

వెక్కిరించలేదు. నిజంగానే అడిగాడు.  మంచినీళ్ళు తాగించి, ఆ రిజిస్టర్లు ఎవరివో వాళ్ళకే వెళ్ళి చెప్పమన్నాడు.

ఆరోగ్య కార్యాలయానికి మూడు రోజులు తిరిగాను. ఒకరోజు సారు క్యాంపులో, ఒకరోజు మీటింగులో. వరండాలో బెంచీ ఉన్నా నేను కూర్చోలేదు. ఆ మెట్ల మీద ఎక్కి దిగి, దిగి ఎక్కి అక్కడి అటెండరుకు తల తిరిగేలా చేశాను. దరఖాస్తు మొదట 'ఫ్లాపీ పొరపాటున చేతులు మారినది' అని రాశాను. ఎవరి చేతుల్లోంచి మారిందో రాయకపోతే అది దరఖాస్తు కాదు, దొంగ సాక్ష్యం. చింపేసి, నేనే తీసుకెళ్ళాను, నేనే ఇచ్చాను అని రాశాను. 

కాగితాలు తీసుకునే గుమాస్తా గోదావరి జిల్లాల మనిషి, నెమ్మదస్తుడు. రెండుసార్లు చదివాడు.

"ఇలా మొత్తం మీద రాస్తే ఇది ఫైల్లోనే ఉండిపోతుందమ్మా. ఎవరికి ఇబ్బంది కలిగిందో ఒక్క పేరు, ఇంటి నంబరు రాయండి. విచారణకు పంపిస్తారు."

రాశాను. అక్కడికక్కడే కిటికీ చెక్కకు కాగితం ఆనించి, టైలరమ్మ పేరు, ఇంటి నంబరు, ఎవరింట్లో వెనకగదో అది కూడా రాశాను. ఆమెను అడగాలని నాకు తోచలేదు. ఒక్క నిమిషం ఆ బెంచీ మీద కూర్చుని ఉంటే తోచేదేమో. ముద్ర పడిన నకలు చేతికి రాగానే ఒక్క పరుగున బస్సెక్కాను. గది నిలబెట్టేశానన్న సంతోషంతో ఆ రోజు కండక్టరుతో కూడా నవ్వుతూ మాట్లాడాను.

పని జరిగింది. అది ఒప్పుకోవాలి. వారం తిరక్కుండానే ఆరోగ్యాధికారి బాలానగర్ కంపెనీని పిలిపించాడు. పట్టీలు, ఫ్లాపీలు స్వాధీనం చేసుకున్నారు. రెండో కార్డు ఎవరికీ రాలేదు. మా కంపెనీ చేతిలోంచి ఆ పని మాత్రం పోలేదు, నేను పోయాను.  చివరిరోజు కూడా వాచ్‌మన్ నా టిఫిన్ డబ్బా మూత తీసి చూశాడు.

విచారణ మాత్రం ఒక పొద్దున నల్లా వచ్చే వేళకు మా గల్లీకి వచ్చింది. అందరం బిందెలు పెట్టుకుని వరసలో ఉన్నాం. స్కూటరు మీద ఒక మునిసిపల్ ఉద్యోగి ఫైలు చంకలో పెట్టుకుని దిగాడు. మంచివాడే, సాయం చేయడానికే వచ్చాడు. వరసలో ముందున్న ఆవిడను అందరికీ వినబడేలా అడిగాడు.

"ఈడ టీబీ ఉన్న టైలరమ్మది ఏ ఇల్లమ్మా? ఆమె పేరు మీద దరఖాస్తు వచ్చింది, ఎంక్వయిరీ చెయ్యాలె."

నా బిందె నిండి నీళ్ళు కాళ్ళ మీద పోతున్నాయి. నల్లా కట్టేయాలని కూడా తోచలేదు.  ఒకావిడ టైలరమ్మ బిందె పక్కనుంచి తన బిందెను కొంచెం జరుపుకుంది. ఎదురింటావిడ బయటికి వచ్చింది. ఆమె ఆ ఉద్యోగి వైపు చూడలేదు, నా వైపు చూసింది.

ఆ మధ్యాహ్నం టైలరమ్మ గదికి వెళ్ళి మొదటినుంచీ అంతా చెప్పాను. ఫ్లాపీ, పాఠం, స్టార్, దరఖాస్తు, ఏదీ దాచలేదు. ఆమె ఏదో జాకెట్టుకు కాజాలు కుడుతోంది. నేను చెబుతున్నంతసేపూ సూది ఆగలేదు. తిడితే పడదామని వెళ్ళాను. అయిపోయాక దారం కొరికి, బట్ట మడిచింది.

"ఆ కార్డు సంగతి వేరే. నీకు తెల్వక చేసినవ్. నా పేరు రాసేముందు నన్ను ఒక్క మాట అడగొద్దా బిడ్డా?"



నాలుగు రోజుల్లో ఆమె గది ఖాళీ చేసింది. ఎక్కడికి వెళుతోందో ఎవరికీ చెప్పలేదు. నేను అడగలేదు, అడిగే ముఖం నాకెక్కడిది? వెళ్ళేముందు ఇంటింటికీ తిరిగి, కుట్టాల్సినవి కుట్టినట్టు అప్పగించింది. జాకెట్టుతో పాటు ఎవరి పేజీ వాళ్ళకు నోటుబుక్కులోంచి చింపి ఇచ్చింది. నాది కూడా తెచ్చింది. మూలన పసుపు మీద ఆకుపచ్చ చుక్కల ముక్క, ఉద్యోగం దొరికితే కట్టుకోవాలని తెనాలిలో కొన్న చీరది.

"నీ కొలతలు నీ దగ్గర పెట్టుకో. నేను యాడుంటనో, బుక్కు ఎవరి చేతుల పడ్తదో."

దెప్పిపొడవలేదు. గల్లీలో అందరికీ ఆ మాటే చెప్పి ఇచ్చింది. నాకు మాత్రం ఆ పేజీ పట్టుకోగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లోపలికి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

కొన్ని నెలల తర్వాత నేను ఆ దవాఖానకు వెళ్ళాను. ఒక్కటే తెలుసుకోవాలని. ఈ మందులు మధ్యలో ఆపితే జబ్బు మళ్ళీ ముదురుతుందని ఆ రిజిస్టర్లు చూసీ చూసీ నాకు తెలుసు. గది పోయింది, మందులైనా పోకుండా ఉంటే చాలనుకున్నాను. ఆమె పేరు చెప్పి, ఇంకా వస్తోందా అని సిస్టరమ్మను అడిగాను. ఆమె నాకేమవుతుందని అడిగింది. ఎదురింట్లో ఉండేదండీ అన్నాను. సిస్టరమ్మ ముందున్న రిజిస్టరు మూసి, దాని మీద చెయ్యి పెట్టింది.

"మునుపటి లెక్క గాదమ్మా. ఎవరొస్తున్నరో, ఎవరొస్తలేరో బయటోళ్ళకు చెప్పొద్దని ఆఫీసునుంచి కాయిదం వచ్చింది."

గోడకు అంటించిన ఆ కాగితం చూపించింది. ఎవరో ఇచ్చిన దరఖాస్తు ఆధారంగా జారీ చేశామని మొదటి వరసలోనే ఉంది. ఆ ఎవరో నేనే. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

బయటికి వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. ఆమె రావచ్చు, ఎంతసేపైనా సరే చూసి వెళదామనుకున్నాను. ఎప్పుడూ లేనిది కదలకుండా కూర్చున్నాను. మందులకు వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే వస్తున్నారు. వచ్చిన ప్రతివాళ్ళ ముఖమూ పరీక్షగా చూస్తున్నాను, ఇద్దరిని మా వార్డు వాళ్ళని గుర్తుపట్టాను కూడా. ఇంతలో ఒకాయన మెట్లెక్కుతూ నా చూపు తన మీద పడటం గమనించి, భుజం మీది తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగాడు. గేటు దాకా వెళ్ళి, నేను ఎప్పుడు వెళతానా అని అక్కడే నిలబడ్డాడు. నేను లేచి, తల వంచుకుని, ఆయన వైపు చూడకుండా వెళ్ళిపోయాను.